ఇంటి వాతావరణ కేంద్రం: ఏది కొంటే నమ్మకంగా పనిచేస్తుంది?

మిరపతోట
పల్నాడులో మాకు ఆరెకరాల మిరప ఉంది. నాన్నగారు ఊళ్లో ఉంటారు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మాకు దగ్గరి ప్రభుత్వ వాతావరణ కేంద్రం పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడ 30 మిల్లీమీటర్లు పడిన రోజున మా చేలో దుమ్ము కూడా అణగలేదు. ఇంకోసారి అక్కడ సున్నా, మా కాలవ పొంగింది. మందు కొట్టిన గంటకే వాన పడి పదివేల రూపాయల మందు నేలపాలయిన రోజులూ ఉన్నాయి.

రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఒక పరికరం కొన్నాను. వాన, గాలి, ఎండ, తేమ అన్నీ ఒకే దానిలో ఉన్న రకం. పద్నాలుగు నెలలు పనిచేసింది. తరవాత వర్షం లెక్క సున్నా దగ్గర ఆగిపోయింది. అమ్మినవాళ్లకు ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు, విడిభాగాలూ దొరకలేదు. ఇప్పుడు పాతిక వేల లోపు ఇంకొకటి కొనాలి. వాన లెక్క సరిగ్గా రావాలి, గాలి వేగం తెలియాలి, అంకెలు నా ఫోనుకు రావాలి. వాడుతున్నవాళ్లు అనుభవం చెప్పండి. ప్రకటనల్లో ఉన్నవన్నీ ఇప్పటికే చదివాను.

డాబాఇల్లు
మిరపతోట గారూ, కంపెనీ పేరు తరవాత చూద్దాం. ముందు ఎక్కడ బిగిస్తారో చెప్పండి. మాది ఉప్పల్. మొదటి వేసవిలో డాబా మీద పిట్టగోడకు బిగించాను. బేగంపేటలో 42 డిగ్రీలు ఉన్న రోజున నాది 47 చూపించింది. పరికరం పాడయిందని తిట్టుకున్నాను. పాడవలేదు. కాలిన సిమెంటు స్లాబు మీది గాలిని అది నిజాయతీగా కొలిచింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు డాబా పెనంలా ఉంటుంది మరి.

వాతావరణ శాఖ వారి తెల్లపెట్టెను చూసే ఉంటారు. నాలుగు వైపులా వెదురు తడకలాంటి ఏటవాలు పలకలతో కాళ్ల మీద నిలబడి ఉంటుంది. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. ఎండ తగలకుండా, గాలి ఆడేలా, నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉష్ణమాపకం ఉండాలన్నది సూత్రం. మన ఇంటి పరికరాలకు ఉండే తెల్లటి ప్లాస్టిక్ పళ్లాల దొంతర కూడా అదే పని చేస్తుంది. కొనేటప్పుడు ఆ పళ్లాలు ఎన్ని ఉన్నాయో, గాలి ఆడే సందు ఎంత ఉందో చూడండి. నేను దాన్ని పెరట్లో గడ్డి ఉన్నచోటికి, మనిషి గుండె ఎత్తుకు మార్చాను. అదే పరికరం, అదే వేసవి, తేడా ఒక డిగ్రీ లోపుకు వచ్చింది.

ఇంకో సంగతి. కొన్న మొదటిరోజే వాయుపీడనం 951 మిల్లీబార్లు చూపించింది. విశాఖను కొట్టిన హుద్‌హుద్ తుపాను కేంద్రంలో పీడనం ఇంచుమించు అంతే! కంగారుపడి తెలిసినవారిని అడిగాను. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ మామూలుగానే అంత ఉంటుందట. పరికరంలో మీ ఊరి ఎత్తు నమోదు చేస్తేనే టీవీలో చెప్పే అంకెతో పోల్చగలరు.

తూర్పుతీరం
మాది విశాఖ, సముద్రానికి నడిచి వెళ్లే దూరం. ఇక్కడ పరికరాలకు శత్రువు ఉప్పుగాలి. మొదట కొన్నదాని గాలి గిన్నెలు, అంటే గాలికి తిరిగి వేగం చెప్పేవి, ఏడాదిన్నరకే కిర్రుమనడం మొదలుపెట్టాయి. రెండో ఏడు చివరికి చెట్ల కొమ్మలు ఊగుతున్నా గాలి వేగం సున్నా. విప్పి చూస్తే బేరింగు తుప్పుతో బిగుసుకుపోయి, పట్టుకుంటే వేలికి ఎర్రగా అంటుకుంది. మీకు ఉప్పు బాధ లేదు కాబట్టి గిన్నెల రకమే చాలు. తిరిగే భాగాలు లేకుండా ధ్వని తరంగాలతో గాలిని కొలిచే రకం ఇప్పుడు వాడుతున్నాను. మూడో ఏడు నడుస్తోంది. ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

గాలిని కొలవడానికి ప్రామాణికమైన ఎత్తు పది మీటర్లు, చుట్టూ అడ్డం లేకుండా ఉండాలి. వానకు, ఉష్ణోగ్రతకు కావలసింది అంతకంటే తక్కువ ఎత్తు. అన్నీ ఒకే పెట్టెలో ఉన్న పరికరాన్ని ఏ ఎత్తున పెట్టినా ఏదో ఒకదానికి అన్యాయం జరుగుతుంది. డేవిస్ వారి వాంటేజ్ ప్రో 2లో గాలి భాగాన్ని విడదీసి వేరేచోట బిగించవచ్చు. అది మీ బడ్జెట్‌కు అందదు. ఎకోవిట్ వారి దగ్గర వాన, గాలి, ఆకు తడి, నేల తేమ కొలిచే భాగాలు విడివిడిగా దొరుకుతాయి. ఒకటి పోతే అదొక్కటే మార్చుకోవచ్చు. మీ మొదటి అనుభవం విన్నాక నా సలహా విడిభాగాల రకమే.

వానలెక్క
నేను అనంతపురం జిల్లాలో పనిచేసి రిటైరయిన ఉపాధ్యాయుణ్ని. 1998 నుంచి ప్రతిరోజూ ఉదయం 8:30కు వాన కొలిచి నోటుపుస్తకంలో రాస్తున్నాను. మా ప్రాంతంలో వానను మిల్లీమీటర్లలో కాకుండా పదునులో, అంటే నేల ఎంత లోతు తడిసిందో దాన్నిబట్టి చెప్పుకుంటాం. జానెడు పదును అయిందా, నాగలి సాగుతుందా అన్నదే లెక్క. అయినా అంకె తెలిస్తే మంచిదని మొదలుపెట్టాను.

మిరపతోట బాబూ, నీ పాత పరికరం చచ్చిపోయి ఉండదు. దాని గరాటా విప్పి చూశావా? లోపల తక్కెడలా అటూ ఇటూ ఊగే రెండు చిన్న గిన్నెలు ఉంటాయి. ఒకటి నిండగానే వంగి నీళ్లు పారబోస్తుంది, రెండోది పైకి వస్తుంది. ఒక్కో వంపును 0.2 మిల్లీమీటర్లుగా లెక్కిస్తుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. ఈ లెక్కన ఆ తక్కెడ 3,249 సార్లు ఊగాలి! అంత నాజూకు పనిని ఒక్క ఎండుటాకు ఆపేస్తుంది. జోరువానలో గిన్నె వంగే క్షణంలో కూడా నీళ్లు పడుతూనే ఉంటాయి కాబట్టి ఈ రకం కొంత తక్కువ చూపుతుంది. అది దాని స్వభావం.

కొత్తది కొన్నాక ఇలా పరీక్షించు. గరాటా మూతి అడ్డంగా ఎంతో కొలువు. 11 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే వైశాల్యం 95 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి ఒక మిల్లీమీటరు వాన అంటే 9.5 మిల్లీలీటర్ల నీళ్లు. మందుల దుకాణంలో దొరికే కొలత గ్లాసుతో 200 మిల్లీలీటర్లు సీసాలో పోసి, మూతకు సూదితో బెజ్జం చేసి, గంటసేపు బొట్లుబొట్లుగా గరాటాలో పడనివ్వు. 21 మిల్లీమీటర్లు రావాలి. 20, 22 వచ్చినా పరవాలేదు. 17 వస్తే తిరిగి పంపించు.

దానితోపాటు ఒక మామూలు వర్షమాపకం కూడా కొను. వాతావరణ శాఖ పద్ధతిలో ఉండేదాని మూతి 200 చదరపు సెంటీమీటర్లు, అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పక్కన చెట్టు ఉంటే ఆ చెట్టు ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పెట్టాలి. దానికి బ్యాటరీ అక్కరలేదు, చెడిపోవడానికి ఏమీ లేదు. రోజూ ఉదయం నాన్నగారు చూసి రాస్తారు. ఆ అంకెతో సరిపోలినంత కాలమే యంత్రాన్ని నమ్ము.

మిరపతోట
మాస్టారూ, నమస్కారం. మీరు చెప్పాక నాన్నగారితో పాతదాన్ని విప్పించాను. గరాటా రంధ్రంలో వేపపూత, మట్టి కలిసి ముద్దలా బిగుసుకుని ఉంది. ఇన్నాళ్లూ పరికరాన్ని తప్పుపట్టాను. శుభ్రం చేశాక మళ్లీ లెక్క వస్తోంది గానీ గాలి భాగం మాత్రం నిజంగానే పోయింది. ఇంకో సందేహం. చేలో వైఫై లేదు, కరెంటు కూడా వేళకు ఉండదు. అంకెలు ఫోనుకు ఎలా వస్తాయి?

తరంగాలు
బయటి పరికరం రేడియో తరంగాలతో ఇంట్లోని చిన్న పెట్టెకు అంకెలు పంపుతుంది. ఆ పెట్టె ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. మోటారు గదిలో సిమ్ వేసుకునే రౌటర్, దానికి ఒక చిన్న బ్యాటరీ పెట్టుకుంటే సరిపోతుంది. కొన్న అట్టపెట్టె మీద తరంగాలు అందే దూరం వంద మీటర్లని రాసి ఉంటే అది అడ్డం లేని మైదానంలో లెక్క. మధ్యలో గోడ, రేకుల షెడ్డు ఉంటే ముప్పై, నలభై మీటర్లు అనుకోండి. కరెంటు పోయినప్పుడు అంకెలను తనలో దాచుకుని తరవాత పంపే రకమా కాదా అన్నది కొనేముందే అడగండి. వానలు దంచికొట్టే రోజే కరెంటు పోతుంది, మనకు ఆ రోజు లెక్కే కావాలి.

బయటి పరికరంలో మామూలు ఆల్కలైన్ సెల్స్ వేస్తే మన వేసవికి కారిపోయి లోపలి తీగలను తినేస్తాయి. లిథియం సెల్స్ ఖరీదయినా అవే వేయండి.

డాలస్‌తెలుగు
అమెరికా నుంచి తెప్పించుకోవాలని అనుకుంటే వద్దండి. నేను తెనాలిలో అమ్మానాన్నలకు ఒకటి తీసుకెళ్లాను. ఇక్కడ అమ్మేవి 915 మెగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. మన దగ్గర అది స్వేచ్ఛగా వాడుకునే తరంగం కాదని బిగించాక తెలిసింది. విప్పి వెనక్కి తెచ్చుకున్నాను. భారతదేశంలో కొనేవాటిలో 433 రకం చూసుకోండి.

మాస్టారు చెప్పిన మామూలు వర్షమాపకం మాట ఇక్కడా అంతే. కోకోరాస్ అనే స్వచ్ఛంద బృందం ఉంది. 1997లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌ను వరద ముంచెత్తింది. ఊళ్లో ఒక పక్క విపరీతంగా, ఇంకో పక్క చాలా తక్కువగా కురిసింది. ఆ మరుసటి ఏడాదే ఈ బృందం మొదలయింది. ఇంటింటా ఎంత పడిందో సామాన్యులే కొలిచి రాస్తారు. అందులో చేరాలంటే చేత్తో చూసి రాసే ప్లాస్టిక్ గొట్టమే పెట్టుకోవాలి, యంత్రపు అంకె తీసుకోరు. నేనూ రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్లేముందు చూసి రాస్తాను. మీ మండలంలో పదిమంది రైతులు ఇలా రాస్తే ఎంత బాగుంటుందో!

మామిడికొమ్మ
మాది నూజివీడు దగ్గర తోట. నా అనుభవంలో పరికరాలను పాడుచేసేది వానా ఎండా కాదు, ప్రాణులే. చీమలు తక్కెడ కింద పుట్ట పెడతాయి. కందిరీగలు తెల్లపళ్లాల మధ్య గూడు కడతాయి. గోరింకలు గరాటా అంచున వాలి రెట్ట వేస్తాయి. కోతులు గాలి గిన్నెలను పీకి చూస్తాయి. గరాటా అంచు చుట్టూ చేపల గాలపు తీగను నాలుగు పుల్లల మీద సాగదీసి కట్టాను, పక్షులు వాలడం మానేశాయి. స్తంభానికి గ్రీజు పూస్తే చీమలు ఎక్కవు. కోతులకు మాత్రం మందు దొరకలేదండీ. ఇంటికి దగ్గరగా, మనుషులు తిరిగే చోట పెట్టుకోవడమే. ప్రతి పౌర్ణమికి గరాటా విప్పి పిల్లల పళ్లకుంచెతో శుభ్రం చేస్తాను. తేదీ అయితే మరిచిపోతాం, పౌర్ణమి కనిపిస్తుంది.

మిరపకు కాయకుళ్లు, కొమ్మఎండు బెడద ఉంటుంది కదా. ఆకు ఎన్ని గంటలు తడిగా ఉందో చెప్పే భాగం తప్పకుండా తీసుకోండి. వాన పడకపోయినా మంచుకు ఆకు రాత్రంతా తడిసే ఉంటుంది, తెగులుకు అది చాలు.

డాబాఇల్లు
ఒక్కమాట కలుపుతాను. తెరమీద మబ్బు, సూర్యుడు బొమ్మలు వస్తాయి. వాటిని చూసి కల్లంలో కాయ ఆరబోయవద్దు. పీడనం పెరుగుతోందా తగ్గుతోందా అన్నదాన్ని బట్టి వేసే బొమ్మలవి. రేపటి సంగతికి వాతావరణ శాఖ సూచన, మరో రెండు గంటల సంగతికి మచిలీపట్నం రాడార్ చిత్రం చూడండి. మీ చేలో ఇప్పుడేముందో చెప్పడానికే ఇంటి పరికరం.

మిరపతోట
రెండు నెలల తరవాత వస్తున్నాను. విడిభాగాల రకమే తీసుకున్నాను. వాన, గాలి, ఆకు తడి, లోపలి పెట్టె కలిపి ఇరవై రెండు వేలయింది. మామూలు వర్షమాపకం వేరు. నాన్నగారు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గొట్టం పైకెత్తి కంటి ఎదురుగా పట్టుకుని చూసి, క్యాలెండర్ మీద ఆ తేదీ గడిలో రాస్తున్నారు.

మాస్టారి సీసా పరీక్షలో మొదట 20.6 వచ్చింది. సంతోషించాం. నలభై రోజుల తరవాత కూడితే గొట్టంలో 212, యంత్రంలో 188. ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కాలేదు.

వానలెక్క
బాబూ, రెండు ప్రశ్నలు. యంత్రం రోజును అర్ధరాత్రితో మారుస్తుందా, ఉదయం 8:30తో మారుస్తుందా? అర్ధరాత్రితో అయితే ఒక్కోరోజు లెక్క కలవదు గానీ మొత్తం కలవాలి. మొత్తమే తగ్గిందంటే పరికరం వాలిందేమో చూడు. తాపీమేస్త్రి రసమట్టం అడిగి గరాటా అంచు మీద పెట్టించు. మీది నల్లరేగడి కదా?

మిరపతోట
నల్లరేగడే మాస్టారూ. నాన్నగారు రసమట్టం పెట్టి చూస్తే బుడగ ఒక పక్కకు వెళ్లిపోయింది. వానలకు నేల ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చి స్తంభం వాలిపోయింది. పెకలించి, రెండడుగుల లోతు గుంట తీసి, కంకర, సిమెంటు పోసి మళ్లీ నిలబెట్టాం. నిన్న రాత్రి వాన పడింది. ఉదయం నాన్నగారు ఫోను చేసి, తన అంకె చెప్పకుండా ముందు నాది చెప్పమన్నారు. అర్ధరాత్రికి ముందూ తరవాతా పడింది కూడితే నాకు 18.4 వచ్చింది. ఆయన గొట్టంలో 18.6.