‘బింకమీలాగురా’: వేమన వెక్కిరించాడా, జాలిపడ్డాడా?

ప్రశ్న: మేడిపండు పద్యంలో మూడో పాదం “...మదిని బింకమీలాగురా”. ముందున్న మాట ‘పిరికివాని’యా, ‘కపటివాని’యా? మొన్న క్యూలో ఒకాయన అందరినీ కసురుకుంటుంటే వెనకున్నావిడ “మేడిపండు మనిషి” అంది. ఆయన చేతిలో స్కాన్ కవరు వణుకుతోంది. అలాంటి మనిషిని ఆ మాట అనొచ్చా?

జవాబు 1: పిరికివానే. ఇది ఆటవెలది ఛందస్సు. ఇందులో నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట యతి, అంటే ఆ అక్షరం పాదం మొదటి అక్షరంతో శ్రుతి కలవాలి. పి–బిం కుదురుతుంది, ‘కపటి’ పెడితే క–బిం చెడుతుంది. మొదటి పాదం చివర కూడా ‘యుండును’ అనాలి. చాలామంది ‘యుండు’ అని గణం తెగ్గొడుతున్నారు.

జవాబు 2: యతి సరే మాస్టారూ, పేచీ అంతా ‘బింకం’తోనే. గర్వం అనుకుంటే అది వెక్కిరింపు. కానీ ‘బింకం సడలింది’ అంటాం కదా? అక్కడ బింకమంటే బిగబట్టుకోవడం. లోపల భయం తొలుస్తుంటే పైకి గట్టిగా నిలబడ్డ మనిషి ఈ పద్యంలో ఉన్నాడు. క్యూలో ఆయన అచ్చం అలాగే ఉన్నాడు.

జవాబు 3: ‘మదిని’ అన్నాడు కదండీ, ‘మొగమున’ అనలేదు. బింకం ఉన్నది మనసులోనే. మీరు దాన్ని ముఖం మీదికి లాక్కొచ్చి జాలి పుట్టిస్తున్నారు. వేమన వాతలు పెట్టే కవి.

జవాబు 2: మనసుకు మాత్రం పైపొర ఉండదా? పైన బింకం, అడుగున భయం. ఇక వేమన అంటే వాతలేనా? “ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు” అన్నదీ ఆయనే. ఒక్క చూపుతో మనిషిని తేల్చేయకుండా ఆ రెండో ‘చూడ’ మనల్ని ఆపుతుంది. నాకు వేమనలో అన్నిటికన్నా ఇష్టమైన మాట అది.

జవాబు 4: పురుగుల సంగతి కూడా చూడండి. మేడికి పూలు కాయ లోపలే పూస్తాయి. కందిరీగ జాతి చిన్న కీటకం కొననున్న సన్నటి రంధ్రంలోంచి దూరుతుంది. దూరేటప్పుడే రెక్కలు ఊడిపోతాయి. పుప్పొడి అంటించి, గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. అది రాకపోతే గింజ కట్టదు. కుళ్లి పట్టిన పురుగులు కావవి.

జవాబు 3: వృక్షశాస్త్రాన్ని వేమన నెత్తిన రుద్దకండి. పద్యం చెప్పింది కంటికి కనబడిన పురుగుల గురించే. క్యూలో ఆయన కోసమైతే ‘ఇంటింటికీ మట్టిపొయ్యే’ అనండి, అది ఎవరినీ వేలెత్తి చూపదు.

జవాబు 2: సామెత బాగుంది, ఒప్పుకుంటాను. దానికి ఎవరింట్లోకీ తొంగిచూడక్కర్లేదు, ఈ పద్యానికేమో పొట్ట విప్పాలి. ఇంతసేపూ ‘బింకం’ చుట్టూ తిరిగాం గానీ రెండో పాదం ‘పొట్టవిప్పి చూడ’లోని ‘విప్పి’ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ విప్పేది ఎవరంటారు, చూసేవాడా, పండేనా?