ఎండలకు టమాటా పూత నిలవడం లేదు, ఏం వేయాలి?

ప్రశ్న:
మేడ మీద 12 అంగుళాల నల్ల కుండీల్లో టమాటా. పగలు 40 డిగ్రీలు, రాత్రి 28. పూత బాగానే వస్తోంది గానీ కాడ పసుపెక్కి రాలిపోతోంది. నిలిచిన ఒకటి రెండు కాయలకూ అడుగున నల్ల మచ్చ. రోజూ రెండు పూటలా నీళ్లు, వారానికోసారి యూరియా నీళ్లు పోస్తున్నాను. ఇంకేం వేయాలండీ?

జవాబు 1:
వేయడం కాదు, ముందు యూరియా ఆపండి. నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, పూత ఇంకా రాలుతుంది. అసలు కారణం మాత్రం వేడి. పగలు 35 దాటి, రాత్రి 24కి దిగకపోతే పుప్పొడి చచ్చుబడుతుంది. ఫలదీకరణ జరగని పువ్వును మొక్క వదిలేస్తుంది. పూత మందులు చల్లితే రాత్రి చల్లబడదు కదా!
ఎండను 35 నుంచి 50 శాతం ఆపే షేడ్ నెట్ (నీడ వల) కట్టండి. మొక్కకు ఆనకుండా రెండడుగుల పైన ఉండాలి, పడమర వైపు కిందికి దించాలి. 75 శాతం నెట్ వద్దు, మొక్క సాగిపోయి పూతే తగ్గుతుంది.

జవాబు 2:
నల్ల మచ్చ తెగులు కాదండీ, కాయ కొసకు కాల్షియం అందకపోవడం. కాల్షియం నీళ్లతోపాటే కదులుతుంది. ఎండకు ఆ నీళ్లన్నీ ఆకులే లాగేసుకుంటాయి. మట్టి ఓసారి బాగా ఎండి, ఓసారి ముద్దగా తడిస్తే కాయకు ఇంకా అందదు. గుడ్డు పెంకులు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు పనికిరావు.
కుండీ చిన్నదే, కానీ ఈ ఎండల్లో మార్చి వేళ్లు కదపకండి. చుట్టూ తెల్ల గుడ్డ కట్టండి. పైన ఎండుగడ్డి 2, 3 అంగుళాల మందాన పరవండి, కాండానికి తగలనివ్వకండి. తెల్లవారుజామున అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోయాలి. సాయంత్రం వేలు రెండంగుళాలు గుచ్చి, పొడిగా ఉంటేనే మళ్లీ. మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రానికి లేస్తే భయం లేదు. మట్టి తడిగా ఉన్నా పొద్దున్నే వాలి ఉంటే మాత్రం వేరుకుళ్లేమో చూడాలి.

ప్రశ్న అడిగినవారు:
పువ్వుల్ని వేలితో తడితే కాయ కడుతుందా? మంచి కాయలు రెండున్నాయి, అవీ పసుపు దగ్గరే ఆగిపోయాయి.

జవాబు 1:
తట్టడం పుప్పొడి బతికున్న రోజుల్లో పనికొస్తుంది, 40లో దండగ. 30 దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారవదు, అందుకే పసుపు. రంగు తిరిగిన కాయ కోసి ఇంట్లో చల్లటి చోట పెట్టండి, ఎర్రబడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు.

జవాబు 3:
ఆకులు కత్తిరించకండి, కాయకు ఎండ నేరుగా తగిలి తెల్లగా పొక్కుతుంది. ఆకు అడుగున సాలెగూడు లాంటి సన్నటి గూడు, పైన లేత చుక్కలు కనిపిస్తే అది రసం పీల్చే ఎర్రనల్లి పురుగు. అడుగు వైపు పొద్దున్నే నీళ్లు గట్టిగా చిమ్మండి. మళ్లీ నాటేటప్పుడు చెర్రీ రకాలు చూడండి, పెద్ద కాయల రకాల కంటే వేడికి ఎక్కువ ఓర్చుకుంటాయి.