విర్చో: కణాలు ముందా, రాజకీయం ముందా?
నమస్కారమండీ. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతున్నాను. సెమినార్‌కి 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్చోని తీసుకుని ఒకచోట ఇరుక్కుపోయాను.

1848లో, అప్పట్లో ప్రష్యా (జర్మన్ రాజ్యం) కింద ఉన్న అప్పర్ సైలీషియా ప్రాంతంలో టైఫస్ (పేల వల్ల వ్యాపించే జ్వరం) ప్రబలితే ప్రష్యా ప్రభుత్వం ఈయన్ని చూసి రమ్మని పంపింది. అప్పటికి వయసు 26. తిరిగొచ్చి రాసిన నివేదికలో మందుల గోల తక్కువ. పోలిష్ మాట్లాడే ఆ జనానికి వాళ్ల భాషలోనే చదువు, రోడ్లు, మెరుగైన వ్యవసాయం, అన్నిటికీ మించి పూర్తి ప్రజాస్వామ్యం కావాలన్నాడు. పంపిన సర్కారునే తప్పుపట్టాడన్నమాట! మరుసటి ఏడాది బెర్లిన్ వదిలి వుర్జ్‌బుర్గ్ వెళ్లాల్సి వచ్చింది.

1858లో కణ రోగశాస్త్రం (రోగాల మూలం శరీర కణాల్లోనే ఉందనే సిద్ధాంతం) మీద పుస్తకం తెచ్చాడు. అందులో శరీరమంటే ప్రతి కణమూ ఒక పౌరుడిగా ఉన్న రాజ్యం లాంటిదంటాడు. నా డౌట్ ఇక్కడే. ఈ పోలిక ఆయన రాజకీయాల్లోంచి వచ్చిందా, లేక మైక్రోస్కోపులో చూసిందే రాజకీయంగా మారిందా? నాకైతే మొదటిదే అనిపిస్తోంది, కానీ గట్టి ఆధారం దొరకట్లేదు.

రోగానికి సూక్ష్మజీవి ఒక్కటే కారణమంటే ఆయన ఒప్పుకోకపోవడం వెనక కూడా ఈ సామాజిక దృష్టే ఉందా? నాకు జర్మన్ రాదు. వైద్య చరిత్ర చదివినవాళ్లు ఎవరైనా, ఇంగ్లీషులో ఏది ముందు చదవాలో చెప్పినా చాలు.