బారసింగా, సంగాయి: తేడా ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న: మా అమ్మాయి ప్రాజెక్టు కోసం ఈ రెండు జింకల ఫొటోలు ప్రింట్ తీయించాను. ఏది ఏదో నాకే తెలియడం లేదు. రెండూ చిత్తడి జింకలే కదా? రేపే ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొమ్ములు చూడండి మేడమ్. సంగాయి నుదుటి మీద ముందుకొచ్చే కొమ్మ, వెనక్కి వెళ్లే కొమ్మ కలిసి ఒకే విల్లులా వంగి ఉంటాయి. బారసింగాకి పైభాగంలో చీలికలు ఎక్కువ. పేరుకి అర్థమే పన్నెండు కొమ్ములు.

నేను రెండు చోట్లకీ వెళ్లాను. మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవిలో బారసింగా గట్టి నేల మీదే మేస్తుంది. 1970లో అక్కడ 66 మాత్రమే మిగిలాయి. ఊళ్లు ఖాళీ అయిన చోట గడ్డి పెరగనిచ్చి, కంచె లోపల పిల్లల్ని పెంచి నిలబెట్టుకున్నారు. మణిపూర్‌లో సంగాయి ఇల్లు లోక్‌తక్ సరస్సు మీద తేలే గడ్డి తెప్ప, ఫుమ్డి. నేను అడుగు పెట్టగానే పరుపులా కుంగి, చెప్పుల్లోకి నీళ్లొచ్చాయి. 1975లో గాల్లోంచి లెక్కపెడితే 14 కనిపించాయి.

ప్రశ్న: ఇప్పుడు దేనికి ఎక్కువ ప్రమాదం సార్?

జవాబు: నా భయమంతా సంగాయి గురించే. 2016 లెక్కలో 260 ఉన్నాయి, కానీ ఇల్లే పలచబడుతోంది. ఎండాకాలం ఫుమ్డి అడుగుకి దిగి, వేళ్లతో మట్టి సారం తీసుకోవాలి. 1983లో సరస్సు నీళ్లు ఆపే ఇథాయ్ బ్యారేజీ వచ్చాక నీళ్లు ఏడాదంతా ఎత్తులోనే ఉంటున్నాయి, అందుకే ఫుమ్డి అడుగుకి దిగలేకపోతోంది.

మరో జవాబు: పాప చేత ఫుమ్డి బొమ్మ కూడా వేయించండి అక్కా.