ప్రొటీన్ పొడి తాగకపోతే బలం పెరగదా?

కొత్త సాధకుడు:
నా వయసు 21. కొన్ని నెలలుగా బరువులు ఎత్తుతున్నాను. బెంచ్ ప్రెస్‌లో (బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్‌ను పైకి తోసే వ్యాయామం) 50 కిలోల దగ్గర ఆగిపోయాను. "పొడి మొదలుపెట్టకపోతే ఇంతకు మించి ఎత్తలేవు" అని మా శిక్షకుడు గట్టిగా చెబుతున్నారు. నిజమేనా?

పాతకాపు:
తమ్ముడూ, ఆ మాట నమ్మవద్దు. 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 49 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ వచ్చింది. మొత్తం 1,863 మంది, అందరూ కనీసం ఆరు వారాలు బరువులు ఎత్తినవారే. అదనంగా ప్రొటీన్ తీసుకున్నవారిలో, ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువు మిగతావారికన్నా సగటున 2.5 కిలోలు ఎక్కువ పెరిగింది. ఒట్టి సాధనతో వచ్చిన పెరుగుదల దానికి దాదాపు పది రెట్లు!

పోషణ పక్షం:
పాతకాపు గారూ, అదే విశ్లేషణలో సగమే చెప్పారు. కండ సంగతి వదిలేశారెందుకు? కొవ్వు కాని శరీర భారం పెరుగుదలకు ప్రొటీన్ మరో పావు వంతు కలిపింది. అప్పటికే సాధన ఉన్నవారిలో ఆ లాభం ఇంకా ఎక్కువ. ఏళ్ల తరబడి బరువులెత్తేవారికి బలం కండ మీదే ఆధారపడుతుంది. కొన్ని వారాల లెక్కతో దాన్ని కొట్టిపారేయడం అన్యాయం.

పాతకాపు:
కండ విషయంలో మీతో తగాదా లేదు. అయితే శరీర బరువులో కిలోకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ దాటాక సగటున అదనపు ప్రయోజనం కనిపించలేదని చెప్పింది కూడా ఆ విశ్లేషణే. 70 కిలోల మనిషికి 112 గ్రాములు. అది తిండిలోనే వస్తుంటే పొడి స్కూపు దేనికి?

అసలు ఈ అబ్బాయి అడిగింది బలం గురించి. మొదటి నెలల్లో బలం పెరిగేది ఎక్కువగా నరాల వల్ల. ఉన్న కండరాన్నే మెదడు మరింత బాగా పనిచేయించడం నేర్చుకుంటుంది. అది సీసాలో కలిపి తాగితే రాదు. తమ్ముడూ, బార్‌ను ఛాతీకి తాకే దాకా దింపుతున్నావా, సగంలోనే తోసేస్తున్నావా? ఒకేసారి 5 కిలోలు పెంచుతున్నావా? రెండు వైపులా 1.25 కిలోల ప్లేట్లు వేసి చూడు. ఏ రోజు ఎంత బరువు, ఎన్నిసార్లు ఎత్తావో పుస్తకంలో రాసుకో. నిద్ర తగ్గించకు.

మధ్యేమార్గం:
బలమే లక్ష్యమైతే ప్రొటీన్ కన్నా క్రియాటిన్‌కు (కండరాలకు వెంటనే శక్తి అందడానికి తోడ్పడే పదార్థం, ఇదీ పొడిగా దొరుకుతుంది) గట్టి ఆధారాలున్నాయి. రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టర్‌ను అడగకుండా దేన్నీ ముట్టుకోకూడదు. వ్యాయామం అయిన అరగంటలోపే ప్రొటీన్ తాగాలన్న హడావిడి కూడా అనవసరం. రోజు మొత్తంలో ఎంత తీసుకున్నారన్నదే ముఖ్యం.

పోషణ పక్షం:
సరే, ఆ లెక్కతోనే మాట్లాడదాం. తినే ప్రతిదీ మూడు రోజులు తూచి రాయి బాబూ. రోజుకు ప్రొటీన్ 70 గ్రాముల దగ్గరే ఆగిపోతే, ఆకలి లేని కుర్రాడికి 20, 25 గ్రాములిచ్చే ఒక స్కూపు అన్నిటికన్నా సులువైన దారి. దాన్ని దండగ అంటే మాత్రం నేను ఒప్పుకోను.

కొత్త సాధకుడు:
నా బరువు 64 కిలోలు, అంటే సుమారు 102 గ్రాములు కావాలి. తూచి వివరాలు పెడతాను. పాతకాపు గారూ, బార్ ఛాతీకి తాకడం లేదు, నాలుగు వేళ్ల ఎత్తులోనే ఆపుతున్నాను. కింద దాకా దింపాలంటే ఎంత బరువు తగ్గించమంటారు?