కాకతీయుల కాలం మీద నవల: దేనితో మొదలుపెట్టాలి?

2015లో వచ్చిన రుద్రమదేవి సినిమా మొన్న మళ్లీ చూశాను. అందులో గోన గన్నారెడ్డి కట్టిపడేశాడు. ఈ చరిత్రను నవలగా చదవాలని ఉంది. గ్రాంథికమైతే నాకు పది పేజీల్లో నిద్ర వస్తుంది, ముందే చెబుతున్నా.

జవాబు 1
అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి' పట్టుకోండి. మా నాన్నగారి కాపీకి అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలూ లేవు. పదో తరగతి సెలవుల్లో అదే చదివాను. కాస్త నెమ్మదిగా మొదలవుతుంది, వర్ణనలు ఎక్కువ. ఓపిక పట్టండి. తర్వాత ఆయనదే 'హిమబిందు', అది శాతవాహనుల కాలం.

జవాబు 2
నోరి నరసింహశాస్త్రి గారి 'రుద్రమదేవి' కూడా ఉంది కదండీ! కాకపోతే నిద్ర విషయంలో నాది హామీ లేదు :)

జవాబు 3
నవల పూర్తయ్యాక కాకతీయుల నాటి ఓడరేవు మోటుపల్లి వెళ్లి రండి. 1244లో రుద్రమదేవి తండ్రి గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనం అక్కడిదే. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే పాత రాజులు సరుకంతా లాగేసుకునేవారట. ఈయన మాత్రం సుంకం తీసుకుని మిగతాది వదిలేస్తానన్నాడు. నేను ఎండలో వెళ్లి తప్పు చేశాను, మీరు పొద్దున్నే వెళ్లండి.

అడిగినాయన
బాపిరాజు గారిది ఆర్డర్ పెట్టేశాను. జవాబు 1 గారూ, ఆ నాలుగు పేజీలు ఫొటో తీసి పంపమంటారా?