క్రోన్స్ ఉన్నవాళ్లకు విటమిన్ డి ఇంజెక్షన్ పనిచేసిందా?

మా తమ్ముడికి క్రోన్స్ వ్యాధి (పేగుల్లో దీర్ఘకాలం వాపు ఉండే జబ్బు). చిన్నపేగు చివరి భాగం కొంత ఆపరేషన్‌లో తీసేశారు. రక్తంలో విటమిన్ డి మిల్లీలీటరుకు 9 నానోగ్రాములే ఉంది. 20 కంటే తగ్గితే లోపమే అంటారు కదా. వారానికోసారి 60,000 యూనిట్ల క్యాప్సూల్ భోజనం తర్వాతే వేస్తున్నాం, అయినా పెద్దగా పెరగలేదు. కొవ్వు సరిగా ఒంటబట్టకపోతే డి కూడా అందదని డాక్టరుగారు చెప్పారు. స్టెరాయిడ్లు చాలాకాలం వాడాడు కాబట్టి ఎముకల గురించే నాకు టెన్షన్. ఈమధ్య నడుం నొప్పి కూడా అంటున్నాడు. ఎండలో కూర్చోమని బంధువులు చెబుతారు గానీ, అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని తగ్గించే మందు) వాడేవాళ్లు ఎక్కువ ఎండ తగలనివ్వకూడదు.

ఇలాంటి పరిస్థితిలో ఇంజెక్షన్‌కి మారినవాళ్లు ఉన్నారా? ఎన్నాళ్లకు పెరిగింది? కాల్షియం కూడా పరీక్ష చేయించారా? ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ ఎప్పుడు తీయించారు? డాక్టరుగారిని అడిగే ముందు మీ అనుభవం తెలుసుకోవాలని ఉంది, దయచేసి చెప్పండి.